గోడకు అరవై రెండు సెంటీమీటర్లు ఇవతల

జూన్ 9

ఎండ. గాలి ఎక్కువ.

ఉదయం పదీ ఇరవైకి మా కుక్క పక్కింటి టైలరమ్మను కరిచింది. కుడిచెయ్యి. చోటు: మా ఇంటికీ తూర్పు ప్రహరీకీ మధ్య సందు. చిన్న గేటు నుంచి లోపలికి నాలుగు మీటర్ల పది. ప్రహరీకి ఇవతల అరవై రెండు సెంటీమీటర్లు. రక్తపు మరక ఆరకముందే టేపు పెట్టి కొలిచాను.

ముందు ఆ పని చేసినందుకు మా ఆవిడ ఇప్పటిదాకా నాతో మాట్లాడలేదు. తువ్వాలు చుట్టింది తను, ఆటో పిలిచింది తను, ఆస్పత్రికి వెంట వెళ్లింది తను. నేను కొలిచాను. ముప్ఫై ఏళ్లుగా సర్వేయరు పని. ఏం జరిగినా చెయ్యి టేపు మీదికి పోతుంది.

జరిగింది ఇది. టైలరమ్మ డాబా మీద ఆరేసిన తెల్లచొక్కా, ఎవరో ఖాతాదారుది, గాలికి లేచి మా సందులో పడింది. ఆవిడ చిన్న గేటు తీసుకుని లోపలికి వచ్చింది. కుక్క సందు చివర పడుకుని ఉంది. కట్టేసి లేదు. ఆవిడ వంగి చొక్కా అందుకుంది.

గాటు చిన్నదే.

జూన్ 10

బావమరిది వచ్చాడు. లాయరు కాబట్టి చెప్పులు విప్పకముందే ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"కుక్క ఇదివరకు ఎవర్నైనా కరిచిందా బావా?"

"లేదు."

"గట్టిగా చెప్పు."

"లేదురా."

(గ్యాసు బండ తెచ్చే అతని ప్యాంటు పట్టుకుంది ఒకసారి. ప్యాంటే.)

"వీధిలో కరిస్తే కథ వేరు. నువ్వు పిలిచిన మనిషిని ఇంట్లో కరిచినా కథ వేరు. పిలవకుండా నీ స్థలంలోకి వచ్చిన మనిషిని కరిస్తే, అప్పుడు మనకి నోరు విప్పడానికి సందు దొరుకుతుంది. ఆవిడ పిలిచిందా? గేటు దగ్గర నిలబడి ఎవరినైనా అడిగిందా?"

మా ఆవిడ వంటింటి గుమ్మంలో ఉంది. వాడు అటు తిరిగాడు. "అక్కా, నీకేమైనా వినబడిందా?"

"మిక్సీ తిరుగుతోంది" అంది.

"చూశావా? మిక్సీ తిరుగుతోంది. వినబడలేదు. రోజూ ఏం జరిగిందో రాసిపెట్టుకో బావా. కోర్టులో పనికొస్తుంది."

రాస్తున్నాను. వాడికిచ్చే కాపీ వేరు. ఇది నాది.

జూన్ 12

చూపుడువేలు వంచే నరం తెగిందట. బొటనవేలి కింద లోతుగా దిగిందట. ఆపరేషను నిన్న అయింది. వేలు పూర్తిగా వంగుతుందో లేదో మూడు నెలలకి గానీ చెప్పలేమన్నారట డాక్టర్లు. కత్తెర పట్టే చెయ్యి.

సాయంత్రం వాళ్లాయన వచ్చాడు. బస్సు డ్రైవరు, డ్యూటీ దిగి యూనిఫాంలోనే. లోపలికి రమ్మన్నాను. రాలేదు.

"వద్దు లెండి. లోపలికొస్తే ఏమవుతుందో చూశాంగా."

"చెయ్యి ఎలా ఉంది?"

"ఇప్పుడు అడుగుతున్నారా? అవతల మనిషి నేల మీద కూలబడి ఉంటే మీరు టేపు లాగుతున్నారట. మా ఆవిడ చెయ్యి కూడా కొలిచారా సర్వేయరుగారూ, నేల ఒక్కటేనా?"

నేను గేటు పట్టుకుని నిలబడ్డాను. 

"ఆ కుక్కని వదిలించుకోండి" అన్నాడు. "లేకపోతే కోర్టే వదిలిస్తుంది."

జూన్ 13

గేటు ముందు సిమెంటు పలక చూశాను. పగల్లేదు.

జూన్ 19

కుక్కను పది రోజులు గమనించమన్నారు. గమనించాను. తింటోంది, తాగుతోంది, నిద్రపోతోంది. జబ్బేమీ లేదని పశువుల డాక్టరు కాగితం ఇచ్చాడు. టైలరమ్మకి టీకాలు ఎలాగూ వేస్తున్నారు.

కుక్క పేరు బంట్రోతు. ఏడేళ్ల కిందట ఊరవతల స్థలాలు కొలుస్తుంటే కూనగా మా వెంట పడింది. టేపు చివర పట్టుకున్న మనిషి వెనకాలే రోజంతా తిరిగింది. జీతం లేని బంట్రోతు దొరికాడని పనివాళ్లు నవ్వారు. అదే పేరైంది. సందు దాని చోటు. అక్కడ ఎవరు వంగినా దానికి పడదు. నేను వంగినా గుర్రుమంటుంది.

ఈ చివరి మాట బావమరిది కాపీలో రాయను.

జూన్ 24

నోటీసు వచ్చింది. వాది: టైలరమ్మ. ప్రతివాది: నేను. కుక్క మా గేటు దాటి వీధిలోకి వచ్చి కరిచిందని రాశారు. అబద్ధం. బావమరిది చదివి సంబరపడ్డాడు.

"బయట కరిచిందని వాళ్లే పీట వేశారు బావా. లోపలే అని మనం తేలిస్తే చాలు, మొత్తం జారిపోతుంది. నువ్వు ఆ రోజు కొలిచావు చూడు, బంగారంలాంటి పని. అక్కకి అర్థం కాదు."

అక్క విని లోపలికి వెళ్లిపోయింది.

జూన్ 25

పాత ఫీల్డు బుక్కులు అటక మీద ఉన్నాయి. తీయక్కర్లేదు.

జూలై 3

కోర్టు. చిన్న గది, ఫ్యాను చప్పుడు ఎక్కువ. వాళ్ల లాయరు బయట అన్నాడు, మా బావమరిది లోపల అన్నాడు. పావుగంట లోపలా బయటా అనుకున్నారు. జడ్జిగారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "ప్రతివాది సర్వేయరే కదా, గీసిన ప్లాను ఏదీ?" అన్నారు. ఇచ్చాను. "కుక్క ఈయనది, కొలత ఈయనది, సంతకం ఈయనది. ఇంకొకళ్లు కొలవాలి" అన్నారు.

కోర్టు తరఫున కొలిచే సర్వేయరు ఎవరో సాయంత్రానికి తెలిసింది. నా దగ్గర ఆరేళ్లు పని నేర్చుకున్న అమ్మాయి. ఇప్పుడు సొంత ఆఫీసు. శిష్యురాలని చెబితే మారుస్తారేమోనని బావమరిదిని అడిగాను.

"వాళ్లు అడిగితే చెబుదాం. వాళ్లు అడగరు. ఈ ఊళ్లో నీ దగ్గర నేర్చుకోని సర్వేయరు ఎవరున్నారు బావా?"

పొగడ్తలా అన్నాడు.

జూలై 6

ప్యాంటు జేబు చిరిగింది. నా ప్యాంట్లన్నీ టైలరమ్మ కుట్టినవే. కుడి తొడ మీద అదనంగా ఒక జేబు పెడుతుంది, టేపు కోసం, అడుగున రెండు పొరల గుడ్డ వేసి. నేను అడగలేదు. మొదటి ప్యాంటు చిరిగి తెచ్చినప్పుడు, "అన్నయ్యగారూ, మీరు ఇనుము మోస్తూ తిరుగుతారు, జేబు గుడ్డది అయితే ఎలా" అని తనే పెట్టింది.

బజారులో ఇంకో టైలరుకి ఇచ్చాను. "ఈ జేబు ఎవరు కుట్టారండీ, భలే కుట్టారే" అన్నాడు. వెనక్కి తెచ్చేసుకున్నాను.

జూలై 11

మబ్బు. ఉదయం తొమ్మిది. హాజరు: కోర్టు సర్వేయరు, ఆమె సహాయకులు ఇద్దరు, రెండు వైపుల లాయర్లు, బస్సు డ్రైవరు, నేను. టైలరమ్మ వాళ్ల మెట్ల మీద కూర్చుంది, చెయ్యి మెడకి వేలాడుతోంది. బంట్రోతును వెనక గదిలో పెట్టాం. అరుస్తూనే ఉంది.

అమ్మాయి నాకు నమస్కారం పెట్టి, "ఇవాళ మిమ్మల్ని సార్ అనకూడదు, ఏమీ అనుకోకండి" అంది. వెంటనే, "సార్, మీ ప్రహరీ ప్లాను రికార్డులో ఉన్నదే వాడుతున్నాను" అంది.

హద్దురాయి అని నా ప్లానులో గుర్తు పెట్టిన రాయి కాలువ పక్కన ఉంది. ఆమె నేరుగా దాని దగ్గరికి వెళ్లింది. గడ్డి తొక్కి చూసింది. అక్కడి నుంచి మొదలుపెట్టింది. ఇంకో రాయి ఉందేమోనని వెతకలేదు. రెండో వైపు నుంచి సరిచూడలేదు. నా దగ్గర పనిచేసేటప్పుడు ఆ సరిచూడడం ఎగ్గొడితే ఒకరోజు పని మొత్తం మళ్లీ చేయించేవాణ్ణి.

ఆమె నిలబడింది సిమెంటు పలక మీదే. కాసేపు.

గోడ హద్దు మీదే ఉంది అంది. మరక ఉన్న చోటు అరవై రెండు ఇవతల. ఒక్క సెంటీమీటరు కూడా తేడా రాలేదు.

"గురువుగారి కొలత కదా" అన్నాడు బావమరిది, ఎవరితోనూ కాదన్నట్టు.

నేను గొడుగు మడిచి పట్టుకుని నిలబడ్డాను. మాట్లాడమని నన్నెవరూ అడగలేదు.

జూలై 16

రిపోర్టు కోర్టుకి చేరింది. మనకి అనుకూలం.

జూలై 17

పలక బాగానే ఉంది.

జూలై 22

కోర్టు. టైలరమ్మ సాక్ష్యం.

ఎడమచేత్తో సంతకం పెట్టింది. పెట్టడానికి చాలాసేపు పట్టింది. జడ్జిగారు తొందరపెట్టలేదు.

మా బావమరిది లేచాడు. "మీరు ఎక్కడ నిలబడి ఉండగా కుక్క కరిచిందమ్మా?"

"సందులో."

"వీధిలో కాదా?"

"కాదు. చొక్కా లోపల పడింది. వీధిలో నిలబడి ఎలా తీస్తాను?"

వెనక బెంచీలో ఎవరో నవ్వారు. వాళ్ల లాయరు నుదురు పట్టుకున్నాడు. బస్సు డ్రైవరు నేలకేసి చూశాడు.

"మరి నోటీసులో బయట అని రాశారే?"

"మా ఆయన కోపంలో రాయించారు. నన్ను అడిగుంటే వద్దనేదాన్ని."

"అంటే వేరేవాళ్ల స్థలంలోకి వెళ్లారు."

"వెళ్లాను. వాళ్లదే సందు."

"ఆ గోడ హద్దుగోడేనని ఒప్పుకుంటారా?"

"ఆ గోడ అన్నయ్యగారు స్వయంగా కొలిచి కట్టించింది. మా మామగారు దగ్గరుండి చూశారు. ఆయన కొలతకి వంక పెట్టడానికి నేనెవర్ని? నేను కుట్టిన చొక్కా కొలతకి ఎవరైనా వంక పెడితే నేను ఊరుకుంటానా?"

ఈసారి జడ్జిగారు కూడా నవ్వారు.

"మీరు లోపలికి వెళ్లే ముందు అడిగారా?" అన్నాడు బావమరిది.

"పిలిచాను."

"ఎవరైనా పలికారా?"

ఆవిడ మా ఆవిడ వైపు చూసింది. చూసి, "గాలి హోరుగా ఉంది. నాకు పలికినట్టే అనిపించింది" అంది.

బయటికొచ్చాక బావమరిది నా భుజం తట్టాడు. "కేసు మడిచి జేబులో పెట్టేసింది బావా ఆవిడే. తీర్పు వచ్చే నెల పద్నాలుగున. రిపోర్టు మీద అభ్యంతరాలుంటే వారం లోపల వేయమన్నారు. వాళ్లేం వేస్తారు, పాపం."

ఇంటికి వచ్చేటప్పుడు మా ఆవిడ ఆటోలో నా పక్కన కూర్చుంది. మధ్యలో చేతిసంచి పెట్టుకుంది.

జూలై 23

పని లేదు. బంట్రోతుకి స్నానం చేయించాను.

జూలై 24

అటక మీంచి ఫీల్డు బుక్కు తీశాను.

ఎక్కడుందో వెతకాల్సిన పని పడలేదు. కుడివైపు మూడో కట్ట, పై నుంచి రెండోది. ఎనిమిదేళ్లుగా దాని చోటు తెలుసు. పెన్సిలుతో రాసింది ఇంకా చెరగలేదు: "తేడా 1.10. తూర్పు. సరిచేయాలి."

ఇక రాస్తాను.

తొమ్మిదేళ్ల కిందట పక్కింటి పెద్దాయన, బస్సు డ్రైవరు తండ్రి, ఉన్నాడు. మా రెండు స్థలాల మధ్య పాత ముళ్లకంచె ఉండేది, వంకరటింకరగా. గోడ కట్టుకుందామన్నాను. వేరే సర్వేయరుని పెట్టుకోండి, నాది నేను కొలవడం బాగుండదన్నాను. ఈ మాట నిజంగానే అన్నాను. "వేరేవాడెందుకు బాబూ, నువ్వు గీత గీస్తే అదే హద్దు" అన్నాడు. కాలువ పక్కన రాయి కనబడింది. హద్దురాయి అనుకున్నాను. అక్కడి నుంచి కొలిచాను. రెండో వైపు నుంచి సరిచూడలేదు, సొంత ఇంటి పనికి అంత ఎందుకులే అనుకున్నాను. కంచె పీకేశారు. గోడ లేచినన్ని రోజులూ పెద్దాయన కుర్చీ వేసుకుని కూర్చుని మేస్త్రీలకి టీ ఇప్పించాడు.

ఏడాది తిరిగాక వీధి చివర ఒక స్థలం కొలుస్తుంటే లెక్క కలవలేదు. మీటరూ పది తేడా. మొదట టేపును అనుమానించాను. తర్వాత టేపు పట్టుకున్న మనిషిని తిట్టాను. ఆఖరికి ఒక ఆదివారం మధ్యాహ్నం, వీధిలో ఎవరూ లేనప్పుడు, మా చిన్న గేటు ముందు తవ్వి చూశాను. జానెడు లోతులో అసలు రాయి. నెత్తి మీద ఉలితో చెక్కిన కూడిక గుర్తు. నేను వాడింది కాలువ తవ్వినవాళ్లు వాళ్ల అవసరానికి పాతుకున్న రాయి.

గోడ మీటరూ పది సెంటీమీటర్లు వాళ్ల స్థలంలో ఉంది. మా సందు అని మేమనుకునేదాంట్లో చాలా భాగం వాళ్లది.

మట్టి కప్పేశాను. చెబుదామనుకున్నాను. ఈలోగా పెద్దాయన పోయాడు.

అది నిజం కాదు. పెద్దాయన పోయింది ఆ తర్వాత రెండేళ్లకి. ఆ రెండేళ్లూ రోజూ పొద్దున నాతో గోడ మీద మోచేతులు ఆనించి మాట్లాడాడు.

తప్పు రాయి పట్టుకోవడం పొరపాటు. ఎవరికైనా జరుగుతుంది. అసలు రాయి మీద సిమెంటు పలక వేయించింది పొరపాటు కాదు. వానకి గేటు ముందు బురద అవుతోందని మా ఆవిడకి చెప్పాను. నిజానికి అక్కడ బురద ఎప్పుడూ కాలేదు.

సర్వేయరు తన ఇంటి హద్దే తప్పు కొలిచాడని తెలిస్తే ఎవరు పని ఇస్తారు? ఎనిమిదేళ్లుగా నాకు నేను చెప్పుకున్నది ఇదే. మనిషి మంచివాడేనా కాదా అన్న ప్రశ్న రాలేదు. గీత సరైనదేనా అని ఎవరైనా అడుగుతారన్న భయం ఒక్కటే.

ఇప్పుడు కూడిక, తీసివేత. గోడ నుంచి హద్దు నూటపది. గోడ నుంచి మరక అరవై రెండు. తేడా నలభై ఎనిమిది. కుక్క టైలరమ్మను ఆవిడ స్థలంలో, హద్దుకి నలభై ఎనిమిది సెంటీమీటర్లు ఆవిడ వైపు కరిచింది. చిన్న గేటు వెడల్పు తొంభై, గోడను ఆనుకుని ఉంది. గేటు దాటిన దగ్గర్నుంచి కిందపడేదాకా ఆవిడ మా స్థలంలో ఒక్క అడుగు కూడా పెట్టలేదు.

మూడుసార్లు సరిచూశాను.

జూలై 26

ఆదివారం. మా ఆవిడకి చెప్పాను. కూరగాయలు తరుగుతోంది. తరగడం ఆపలేదు.

"పలక బురద కోసం కాదన్నమాట."

"కాదు."

"నాకప్పుడే అనుమానం. ఇంట్లో కొళాయి కారుతుంటే ఆర్నెల్లు పట్టించుకోని మనిషి, గేటు ముందు బురదకి అదే రోజు మేస్త్రీని పిలిచాడు."

అయిపోయిందనుకున్నాను. కత్తి కింద పెట్టింది.

"నేను విన్నాను" అంది.

"ఏమిటి?"

"ఆ రోజు. మిక్సీ ఆపాను అప్పుడే. 'వదినా, చొక్కా మీ సందులో పడింది, తీసుకుంటున్నా' అంది. నేను 'ఊఁ' అన్నాను. కుక్క ఉందని చెప్పలేదు. గుర్తు రాలేదు. తమ్ముడు అడిగినప్పుడు మిక్సీ అన్నాను. వాడు అదే చాలన్నాడు."

"కోర్టులో ఆవిడ నీకేసి చూసింది."

"చూసింది. చూసి నన్ను వదిలేసింది."

 పొయ్యి మీద ఏదో మాడింది.

జూలై 27

బావమరిది ఆఫీసు. ఫీల్డు బుక్కు బల్ల మీద పెట్టాను. వాడు చదివి మూసి, మళ్లీ తెరిచి చదివాడు.

"ఇది ఎవరికైనా చూపించావా?"

"నీకు."

"అయితే ఇంకెవరికీ చూపించకు. అటక మీద పెట్టెయ్. అటకలు ఉన్నది అందుకే."

"రిపోర్టు మీద అభ్యంతరం వెయ్యి."

"ఏ రిపోర్టు మీద?"

"మనకి అనుకూలంగా వచ్చినదాని మీద."

కుర్చీలో వెనక్కి వాలాడు. "ఇరవై రెండేళ్ల సర్వీసు బావా. గెలిచే రిపోర్టు మీద అభ్యంతరం వేసిన మనిషిని చూళ్లేదు. ఓడిపోవడానికి డబ్బులిచ్చి లాయర్ని పెట్టుకున్నవాడివి నువ్వే. అసలు నువ్వు ఇవ్వట్లేదు కూడా, అక్క మొగుడివని ఊరికే చేస్తున్నాను."

"వేస్తావా లేదా?"

"లైసెన్సు పోతుంది. తెలుసా?"

"కొన్నాళ్లు."

"కొన్నాళ్లో ఎన్నాళ్లో. నీ పాత ప్లాన్లన్నీ తవ్వుతారు. నువ్వు కొలిచిన ప్రతివాడూ వచ్చి నా గోడ సరిగ్గా ఉందా అని అడుగుతాడు."

"అడగనీ. అవి సరిగ్గానే ఉన్నాయి."

"నీకెలా తెలుసు?"

"అవి రెండో వైపు నుంచి కూడా చూశాను."

ఫీల్డు బుక్కు మూసి నా వైపు తోశాడు. తర్వాత వాళ్ల అక్క కూడా వచ్చిందని, బయట బెంచీ మీద కూర్చుని ఉందని, తనూ ఒక మాట చెప్పాలంటోందని చెప్పాను.

"అక్క కూడానా" అన్నాడు. గుమాస్తాని పిలిచి రెండు టీలు కాదు, మూడు చెప్పమన్నాడు.

ఆగస్టు 5

సన్నగా జల్లు. అభ్యంతరం ఒప్పుకుని కోర్టు మళ్లీ కొలవమంది. ఉదయం పది. హాజరు: పోయిన నెలలో వచ్చినవాళ్లే.

అమ్మాయి నాకు నమస్కారం పెట్టలేదు. నన్ను పక్కకి పిలిచి చిన్నగా మాట్లాడింది. "మీ ప్లాను చూసి నేను వెతకడం మానేశాను సార్. అది నా తప్పు, నా రిపోర్టులో రాసుకుంటాను. కానీ ఆ రోజు మీరు అక్కడే గొడుగు పట్టుకుని నిలబడ్డారు. నేను ఆ పలక మీద నిలబడి ఉన్నాను. మీరు చూస్తున్నారు."

"చూస్తున్నాను."

"ఆరేళ్లు మీ దగ్గర ఇదేనా నేర్చుకున్నది అని ఇంటికెళ్లి మా ఆయన్ని అడిగాను. పాపం ఆయనకేం తెలుసు."

పలక పగలగొట్టాలి. సహాయకుడు గునపం ఎత్తాడు. "నేను కొడతాను" అని బస్సు డ్రైవరు లాక్కున్నాడు. నాలుగు దెబ్బలకి చీలింది. ముక్కలు తీసి, మట్టి తీసి, చేత్తో తుడిచాడు. రాయి, కూడిక గుర్తు. ఆయన అలాగే మోకాళ్ల మీద కూర్చుని దాన్ని చూశాడు.

"మా నాన్న గోడ కట్టినన్నాళ్లూ మీకు టీ పంపించాడు" అన్నాడు.

"అవును."

"ఎన్ని టీలో కూడా మీ పుస్తకంలో రాసుకున్నారా?"

"లేదు."

లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. "మా లాయరు కంటే మీరే నయం. ఆయన బయట అని రాశాడు. మీరు మా ఇంట్లోనే అని తేల్చారు."

అమ్మాయి అసలు రాయి నుంచి కొలిచింది. తర్వాత వీధి చివర రాయి నుంచి సరిచూసింది. తర్వాత మళ్లీ మొదటి నుంచి కొలిచింది. నలభై ఎనిమిది.

టైలరమ్మ మెట్ల మీద నుంచి లేవలేదు. నాకేసి చూడనూ లేదు. గోడకేసి చూస్తోంది.

ఆగస్టు 14

తీర్పు. ఆవిడ అనుమతి లేకుండా ఎక్కడికీ వెళ్లలేదని, కుక్కే ఆవిడ స్థలంలో ఉందని, దాని యజమాని పూర్తిగా బాధ్యుడని. వైద్యం ఖర్చులు, ఆగిపోయిన పనికి పరిహారం నేనివ్వాలి. కుక్క ఇంటి బయట ఉన్నంతసేపూ గొలుసు, మూతిబుట్ట. నెలలోగా గోడ తీసెయ్యాలి. నా లైసెన్సు సంగతి లైసెన్సులిచ్చే ఆఫీసు చూసుకోవాలని కాగితం పంపారు.

కుక్కని తీసేయాలని వాళ్ల లాయరు అడిగాడు. టైలరమ్మ అతని కోటు చెయ్యి పట్టి లాగి ఏదో చెప్పింది. అతను ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. ఏం చెప్పిందో నాకు తెలియదు.

ఆగస్టు 29

ఏడాది సస్పెన్షను. బోర్డు మీద నా పేరుకి తెల్లకాగితం అంటించాను. వంకరగా అంటుకుంది.

సెప్టెంబరు 6

గోడ పడగొట్టడం నిన్నటికి అయిపోయింది. ఇటుకలు వాళ్లవైపే పేర్పించాను.

ఉదయం టైలరమ్మా మా ఆవిడా గోడ ఉన్న చోట అటొకరు ఇటొకరు నిలబడి మాట్లాడుకున్నారు. చాలాసేపు. మూడు నెలల తర్వాత. ఏం మాట్లాడుకున్నారో వినబడలేదు. మధ్యలో ఒకసారి మా ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది, టైలరమ్మ, "సర్లే వదినా, ఈసారి 'ఊఁ' అంటే కాస్త గట్టిగా అను" అంది. అది వినబడింది.

వేలు సగమే వంగుతోంది. ఇక ఇంతేనన్నారట. ఎడమచేత్తో సుద్దగీత గీస్తోంది, కత్తిరించడానికి వేరే మనిషిని పెట్టుకుంది. నాతో అన్నది కాదు, మా ఆవిడతో అంది.

సాయంత్రం నేను వెనకవైపు బంట్రోతుకి మూతిబుట్ట పెడుతుంటే ఆవిడ సందులోకి వచ్చింది. ఆవిడ సందులోకి. మెడలో వేలాడే గుడ్డ టేపు తీసింది. మంచి చేత్తో ఒక చివర పట్టుకుంది, రెండో చివర బాగోలేని చేతి బొటనవేలితో అదిమింది. కొత్త హద్దుకి కట్టిన తాడు నుంచి గోడ పునాది దాకా కొలిచింది. నిదానంగా చదివింది.

"నలభై మూడుంబావు అంగుళాలు."

నేను లేచి నిలబడ్డాను.

"ఇందులో మిషను పడుతుంది అన్నయ్యగారూ. పైన రేకు వేస్తే చాలు. నేర్చుకునే పిల్ల కుడుతుంది. నేను పక్కన నిలబడి చెబుతాను."

అన్నయ్యగారూ అని పిలిచింది జూన్ తర్వాత ఇదే మొదలు.

చెయ్యి దానంతటదే తొడ మీది జేబు దాకా పోయింది. రెండు పొరల గుడ్డ. టేపు లోపలే ఉంది. తియ్యలేదు.

ఆవిడ చెప్పిన కొలతే రాసుకున్నాను.